పాతది విడిచి క్రొత్తది ధరించుకొనుట
(బిషప్ అజరయ్య గారి జీవితము మనకు నేర్పు పాఠము)



శతజయంతి సంచికలో దేవాలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుట సహజము. అవన్నియు వ్రాయవలసినవే. అయితే రాతితోను సున్నముతోను కట్టినవాటికంటె కష్టమైన కట్టడము ఒకటి మన పల్లెలలో జరిగినది. అది మనుష్యుల అలవాట్లను మార్చిన కట్టడము. తాత తాగుబోతు, తండ్రి ఉపదేశి, మనుమడు ఉపాధ్యాయుడు అయిన కుటుంబములు ఈ కృష్ణా మండలములో ఎన్ని లేవు? ఆ మార్పు ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు, మన పెద్దలు నేటికిని భక్తితో స్మరించు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితమును మీ ముందు ఉంచుచున్నాను.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు చెప్పిన సంగతి మీరెరుగుదురు. పాత స్వభావమును వదలుకొనుమని మాత్రమే చెప్పి అతడు ఊరకుండలేదు. నూతన స్వభావమును ధరించుకొనుమని కూడ చెప్పెను. దొంగ దొంగతనము మానినంత మాత్రమున చాలదు; చేతులతో పనిచేసి, అక్కరగలవానికి పెట్టువాడు కావలెను. అబద్ధము మానినవాడు సత్యము పలుకవలెను. చెడ్డమాట మానిన నోరు వినువారికి మేలు కలుగజేయు మాట పలుకవలెను. ప్రతి విడుపునకు ఒక తొడుగు ఉన్నది. అజరయ్య గారి పరిచర్య అంతయు ఈ అధ్యాయమునకు వ్యాఖ్యానమువలె నాకు కనబడుచున్నది.

బాల్యము, యౌవనము

అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి ప్రాంతమున వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ కుటుంబమునుండి క్రీస్తును ఎరిగి, తరువాత ఆ గ్రామమున గురువుగా పనిచేసినవారు. తల్లి చిరకాలము ప్రార్థించి కన్న కుమారుడు గనుక అతనికి శామ్యూల్ అను పేరు కూడ పెట్టిరి. బాలునికి పదునైదేండ్లయినను నిండకమునుపో నిండీనిండకయో తండ్రి గతించెను. ఆ తరువాత తల్లి చేతిక్రింద, క్రమశిక్షణ గల గృహములో పెరిగెను. వేకువ ప్రార్థన, వాక్యపఠనము, పని, చదువు, ఇవి అతనికి చిన్ననాటనే ఎముకలలో ఇంకిన అలవాట్లు.

తిరునెల్వేలిలో చదివి, పిదప మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరిరి. పరీక్ష సమయమున జబ్బుపడుటచేత పట్టా చేతికి రాలేదు. పట్టా లేని ఈ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము ఇచ్చినది. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవ ప్రారంభించి, దక్షిణ దేశమంతయు తిరుగుచు యౌవనులకు బోధించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆమె ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలివారిలో ఒకరు. వివాహమున కట్నమును, ఆడంబరమును విడిచిపెట్టిరి. ఇతరులను విడువుమనకముందు తామే విడిచిరని దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

సిగ్గుపడి లేచిన మనిషి

1902లో అజరయ్య గారు సింహళ ద్వీపములోని యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు, వెళ్ళిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో, తమ స్వంత మనుష్యులతో సువార్త సంఘము నడుపుచుండుట చూచిరి. తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దది, పాతది. అయినను తన సంఘము ఎంతసేపును అన్యదేశపు మిషనెరీలవైపు చెయ్యి చాచుటకే అలవాటుపడియున్నదని తలంచి సిగ్గుపడిరి. ఆ సిగ్గును ఊరక ఏడ్చి పోగొట్టుకొనలేదు. 1903 ఫిబ్రవరిలో పాళయంకోటలో ఇండియన్ మిషనెరీ సొసైటీని స్నేహితులతో కలిసి స్థాపించిరి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురమున నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపనలోను ముఖ్యపాత్ర వహించిరి.

ఇక్కడ గమనింపుడి. పుచ్చుకొనుట అను అలవాటు పోవలెనన్న, పుచ్చుకొనవద్దని ప్రసంగించినందువలన పోదు. ఇచ్చుట అను అలవాటు దాని స్థానమున నాటవలెను. ఈ రహస్యము అజరయ్య గారికి ఇరువదియెనిమిది ఏండ్ల వయస్సునందే తెలిసినది. తరువాత నలువది సంవత్సరములు వారు చేసినది ఈ ఒక్క సూత్రమును పల్లె పల్లెకు విస్తరింపజేయుటయే.

ఆ సొసైటీ తన పొలముగా ఎన్నుకొనిన చోటు మన తెలుగు దేశమే. బెజవాడనుండి వరంగల్లు పోవు రైలు మార్గములో దోర్నకల్ అను చిన్న ఊరు, నాడు నిజాం ప్రభుత్వములోనిది, నేడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలోనిది. కార్యదర్శిగా పాళయంకోటలో కూర్చుండి ఇతరులను అంపుట అజరయ్య గారికి తృప్తి కలుగజేయలేదు. 1909లో డీకనుగా అభిషేకము పొంది, పేరుపొందిన ఉద్యోగము విడిచి, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. ఇల్లు లేని దినములలో గుడారములో నివసించిరి. ముప్పదియైదు ఏండ్ల వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, మాల మాదిగ పల్లెలలో కూర్చుండి ప్రజల మాట నేర్చుకొనిరి.

1910లో స్కాట్లండులోని ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో వారు మాటలాడిరి. మిషనెరీలు తమ ధనమును, దేహమును భారతీయులకొరకు ఇచ్చినందుకు కృతజ్ఞత తెలిపి, అయితే మాకు కావలసినది స్నేహితులు, స్నేహితులను ఇయ్యుడని అడిగిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. కాని యజమానత్వము అను అలవాటు పోయి, ఆ చోట స్నేహము రావలెనని ఆ దినమున చెప్పిన మాట నేటికిని ప్రపంచ సంఘములు మరువలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రలులో వారు బిషప్‌గా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్ వారే. పల్లెలలో గుడారము వేసికొని తిరుగు మనిషిని అంత పదవిలో కూర్చుండబెట్టుట సరికాదని అనేకులు సణిగిరి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు మాత్రము ఆయనను ప్రోత్సహించి నిలిచిరి.

మన కృష్ణా మండలమునకు వచ్చుట

మొదట దోర్నకల్ అధ్యక్ష మండలము చిన్నది. 1920 తరువాత కృష్ణా మండలమున చర్చి మిషనెరీ సొసైటీవారు నాటిన సంఘములు దానిలో చేరినవి. అప్పటినుండి బందరు, బెజవాడ, ఏలూరు ప్రాంతములలోని మన తాతముత్తాతలకు అజరయ్య గారే తండ్రివంటి బిషప్ అయిరి. విజయవాడలో ఆయన పేర బాలికల ఉన్నత పాఠశాల నిలిచియున్నది. మన ఆడబిడ్డలెందరో అందులో చదివిరి.

ఈ మండలములో సువార్త విత్తనము అంతకుముందే పడియున్నది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు బందరు చేరిరి. 1843లో నోబుల్ గారు పాఠశాల తెరచిరి. అయితే పల్లెల తలుపు తెరచినవాడు పండితుడు కాడు. రాఘవాపురము నివాసియైన పాగోలు వెంకయ్య, మాల కులస్థుడు. అతడు పూర్వము దొంగల గుంపునకు నాయకుడని మన సంఘములలో పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. విగ్రహములయందు నమ్మిక పోయిన తరువాత, ఎవరో తెలియని గొప్ప దేవుని, నీవెవరవో నాకు చూపుమని సంవత్సరముల తరబడి వేడుకొనెనట. కృష్ణ ఒడ్డున పండుగకు బెజవాడ వచ్చినప్పుడు మిషనెరీ సంగతి విని, రెవరెండ్ టి.వై. డార్లింగ్ గారిని కలిసికొనెను. 1859లో బాప్తిస్మము పొందెను. దోపిడికి దారులు తెలిసిన కాళ్లే ఆ తరువాత సువార్తకు దారి తీసినవి. గుంపును నడిపిన నోరే ఊరూర క్రీస్తును గూర్చి చెప్పినది. దేవుడు వెంకయ్య కాళ్లు విరుగగొట్టలేదు, వాటిని త్రిప్పెను.

అజరయ్య గారు మన మండలమునకు వచ్చునాటికి వెంకయ్య తరము గతించినది. వేలకొలది జనులు బాప్తిస్మము పొందియుండిరి, పొందుచుండిరి. కాని పేరు మారినంత త్వరగా బ్రతుకు మారదుగదా! కృష్ణకు ఆనకట్ట కట్టి (1852–55) కాలువలు త్రవ్వినందువలన డెల్టా అంతయు పచ్చబడినది. భూమిలేని కూలివానికి మాత్రము పంటకాలమున గింజలు, గింజలతోబాటు కల్లు, తరువాత నాలుగు నెలలు అప్పు, ఇదియే బ్రతుకు. తాటితోపు ప్రక్కనే పేట. అమ్మవారి జాతరలో డప్పు కొట్టుట కులవృత్తి. చచ్చిన పశువు మాంసము తినుట ఆకలివలన వచ్చిన అలవాటు. బాల్య వివాహములు, పేటలో బూతులు, కొట్లాటలు సరేసరి. వీటినన్నిటిని బాప్తిస్మపు నీళ్లు ఒక్క దినమున కడిగివేయునని బిషప్ గారు ఎన్నడును భ్రమపడలేదు.

ఖాళీయిల్లు ప్రమాదము

అపవిత్రాత్మ వదలిపోయిన ఇంటిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మత్తయి పండ్రెండవ అధ్యాయములో ఉన్నది. ఇల్లు ఊడ్చి అలంకరింపబడెను, కాని ఖాళీగా ఉండెను. వెళ్లినది ఏడింటిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చెను. ఇల్లు మురికిగా ఉండుట కాదు, ఖాళీగా ఉండుటయే దాని నాశనమునకు కారణము. అజరయ్య గారు తమ సంఘముల యిండ్లను ఎట్లు నింపిరో చూడుడి.

మొదటిది, సాయంకాలము. పొలమునుండి అలసి వచ్చినవాడు ఎక్కడికి పోవును? దీపాల వేళ కల్లుపాక పిలుచును. త్రాగవద్దని బిషప్ గారు గట్టిగా బోధించిరి, శిక్షించిరి కూడ. కాని ఆ వేళను ఖాళీగా విడువలేదు. పల్లె పల్లెకు ఉపదేశియైన ఉపాధ్యాయుని నియమించి, పగలు పిల్లలకు బడి, ప్రొద్దుగూకిన తరువాత పెద్దలకు ప్రార్థనయు నేర్పించిరి. చదువురానివారు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోట నేర్చుకొనిరి. బైబిలు కథలు పాటలుగా పాడుకొనిరి. బిషప్ గారు పర్యటనకు వచ్చినప్పుడు చెట్టుక్రింద కూర్చుండి ముసలివారిని, స్త్రీలను, పిల్లలను వరుసగా ప్రశ్నలడుగుట పల్లెకు ఒక పండుగ. సరిగా చెప్పిన ముసలమ్మ ముఖమున వెలిగిన సంతోషము ముందు కల్లుపాక వెలవెలబోయెను.

రెండవది, పండుగ. జాతర మానుమన్నచో పల్లెవాని యేడాదిలోనుండి రంగు, పాట, ఆట, చుట్టముల రాక అన్నియు తీసివేసినట్లే. అజరయ్య గారు ఇది ఎరిగినవారు. పాశ్చాత్యుల ఆచారములే క్రైస్తవ ఆచారములని వారు అనుకొనలేదు. దోషములేని దేశాచారమును కాపాడిరి, దోషమున్నదానిని విడిపించిరి, విడిపించిన చోట మరియొకటి నిలిపిరి. పంట పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, మేకలు, క్రొత్త వరికంకులు ఊరేగింపుగా దేవాలయమునకు వచ్చినవి. కీర్తనలకు తాళములు మ్రోగినవి. కోలాటపు కఱ్ఱలు క్రీస్తు జననమునకు అడుగు కలిపినవి. పండుగ మానలేదు, పండుగలో ఎవరిని ఘనపరచుచున్నారో అది మారినది.

మూడవది, పిడికెడు బియ్యము. అప్పు, యాచన, దొర దయ, వీటిమీద ఆనుకొని బ్రతికిన ప్రజలకు ఇచ్చుట నేర్పుట అసాధ్యమని అనేకులు తలంచిరి. బిషప్ గారు ఇచ్చుటను గూర్చి గ్రంథమే వ్రాసిరి. బీదరాలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేయవలెను. ఆదివారము అది దేవాలయమునకు వచ్చును. పిడికెడు లెక్క కాదు, ప్రతి పూట చేయి చేయు క్రియ లెక్క. దినమునకు రెండుసార్లు ఆమె తాను బిచ్చకత్తెను కాననియు, దేవుని ఇంటిలో ఇచ్చుదాననియు తన చేతితోనే తనకు చెప్పుకొనుచున్నది. ఈ అలవాటు మన తల్లుల ఇండ్లలో నేను కన్నులార చూచినదే.

నాల్గవది, నోరు. బాప్తిస్మము పొందినవారిని తమ తలమీద చేయి పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపనిచో తమకు శ్రమ అనియు పలుకుడని బిషప్ గారు చెప్పించెడివారు. నిన్నటివరకు తిట్టుటకు పదునైన నాలుక నేడు సాక్ష్యమిచ్చుటకు బాధ్యత వహించినది. పొరుగువానికి క్రీస్తును చెప్పవలసినవాడు ఆ పొరుగువానిని బూతులు తిట్టుట ఎట్లు? సాక్ష్యవారములు ఏర్పరచి, స్త్రీపురుషులు పాటలు పాడుచు ప్రక్క గ్రామములకు వెళ్లు అలవాటు చేసిరి. విశ్వాసి గురువుగారి ప్రసంగము వినుట మాత్రమే కాక, తానే చెప్పవలెను. చెప్పునప్పుడు తాను చెప్పినదానికి తానే బద్ధుడగును.

ఐదవది, ఇల్లు. దోర్నకల్ దైవజ్ఞాన పాఠశాలలో గురువులు కాబోవువారితోబాటు వారి భార్యలకును శిక్షణ నిచ్చిరి. భర్త బల్లయొద్ద చదువుచుండగా భార్య చదువు, శుభ్రత, పిల్లల పెంపకము, స్త్రీలకు బోధించు విధానము నేర్చుకొనెను. ఈ పనిలో శ్రీమతి అజరయ్య అమ్మగారి శ్రమ గొప్పది. విద్యార్థులకు చేతిపని తప్పనిసరి. చదువుకొన్నవాడు మట్టి ముట్టరాదను గర్వము సంఘములో మొలకెత్తకమునుపే పెరికివేయుటకు ఇట్లు చేసిరి.

ఫలము

ఫలము నెమ్మదిగా కనబడినది. వారి కాలము ముగియునప్పటికి అధ్యక్ష మండలములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. భారతీయ గురువులు నూరుగురికి మించి పెరిగిరి. 1930 తరువాత తెలుగు దేశములో పలుచోట్ల సవర్ణులైన హిందువులు కూడ సంఘములో చేరసాగిరి. వారిని ఆకర్షించినది వాదము కాదు. తమ పొలములో పనిచేయు మాలవాడు త్రాగుట మానెను, తిట్టుట మానెను, బిడ్డను బడికి పంపెను, ఆపదలో ప్రార్థించెను. ఇది కన్నులతో చూచినవారు ఆ దేవుడెవరని అడిగిరి. ఆ దినములలోనే మహాత్మా గాంధీగారు సామూహిక మతాంతరమును తీవ్రముగా ఖండించుచుండిరి. అజరయ్య గారు దేశభక్తులు, ఖద్దరును గౌరవించినవారి కాలమునకు చెందినవారు, అయినను ఈ విషయమున వెనుకకు తగ్గలేదు. దేవుడు మార్చిన బ్రతుకులే వారి పక్షమున సాక్ష్యము.

అయితే సత్యము దాచరాదు. అన్ని అలవాట్లును పోలేదు. కుల భేదము సంఘములో అడుగుపెట్టరాదని బిషప్ గారు జీవితాంతము పోరాడిరి. ఒకే బల్ల, ఒకే పాత్ర అని పట్టుబట్టిరి. మాల, మాదిగ అను గోడను కూల్చుటకు ప్రయాసపడిరి. ఆ గోడలో రాళ్లు కొన్ని కదలినవి, కొన్ని కదలలేదు. నేడు మన పాస్టరేటు ఎన్నికల సమయమున ఆ రాళ్లు ఎక్కడనున్నవో మీకును తెలియును, నాకును తెలియును. ఆయన పూర్తి చేయలేకపోయిన ఆ పని మనకు అప్పగింపబడినది. శతజయంతి దినమున దీనిని చెప్పుట మర్యాద కాదని కొందరు అనుకొనవచ్చును. చెప్పకుండుట ఆయనకు మర్యాద కాదని నేను అనుకొనుచున్నాను.

1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములు, స్తంభములు, తామరపూల శిల్పము చూచినవారికి ఇది పరదేశపు గుడి అనిపించదు. మన దేశపు రూపములను విడువక, వాటిని క్రీస్తు సిలువ క్రిందికి తెచ్చుటయే దానిలోని భావము. మనుష్యుల అలవాట్ల విషయమున చేసినదే రాతితోను చేసిరి. 1945 జనవరి 1న, కొద్ది దినముల జ్వరముతో, బిషప్ గారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. తాము 1919నుండి శ్రమించిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపొందుట వారు చూడలేదు. మోషే కానాను దేశమును కొండమీదనుండి చూచినట్లు, దూరమునుండి చూచి వెళ్లిరి.

ఒక కాపరి ఒప్పుకోలు

ఇంతవరకు వ్రాసి ముగించినచో ఈ వ్యాసము చరిత్ర మాత్రమే అగును. నా మాట ఒకటి చెప్పవలసియున్నది.

నేను దైవశాస్త్ర కళాశాలనుండి పట్టా పుచ్చుకొని మొదటి పాస్టరేటునకు వచ్చిన సంవత్సరము, లెంటు కూడికలలో ఒక కూలి సహోదరుడు లేచి, కన్నీటితో త్రాగుడు విడిచితినని సాక్ష్యమిచ్చెను. సంఘమంతయు స్తోత్రము చెప్పినది. నా ప్రసంగము ఫలించినదని నేను లోలోపల పొంగితిని. వారము దినములైన తరువాత ఒక సాయంకాలము అతడు మా అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. అయ్యగారూ, ఈ వేళ నాకేమియు తోచకున్నది, ఏమి చేయుదును అని అడిగెను. నేను ప్రార్థించుమని చెప్పి, నాకు పని యున్నదని పంపివేసితిని. మరునాడును వచ్చెను. మూడవనాడు రాలేదు. కోతలనాటికి మరల త్రాగుచున్నాడని వింటిని. ఆ ఆదివారము త్రాగుబోతులను గూర్చి మిక్కిలి గట్టిగా ప్రసంగించితిని. అతడు వెనుకవరుసనుండి లేచి బయటికి వెళ్లెను.

చాలకాలమునకు అజరయ్య గారి జీవితము చదువుచుండగా ఆ సాయంకాలము నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ సహోదరుడు నన్ను అడిగినది త్రాగుట తప్పా అని కాదు. సాయంకాలము ఆరు గంటలనుండి తొమ్మిది గంటలవరకు ఏమి చేయవలెనని అడిగెను. అతని యిల్లు ఊడ్చియుండెను. దానిలో ఎవరిని కూర్చుండబెట్టవలెనో చెప్పవలసిన కాపరి తలుపు వేసికొనెను.

నేను అతని యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. దేవాలయము సాయంకాలము తెరచి, గంట కొట్టు పని అతనికి అప్పగించితిని. మొదట మేము ముగ్గురమే కూర్చుండి కీర్తన పాడితిమి. అతడు తరువాత రెండుసార్లు పడిపోయెను. పడిన మరునాడు గంట మ్రోగలేదు గనుక పేటవారందరికి తెలిసెను. వారే వెళ్లి పిలుచుకొని వచ్చిరి. ఇప్పుడు నేను ఆ పాస్టరేటులో లేను. గంట మాత్రము మ్రోగుచున్నదని అక్కడివారు చెప్పుదురు.

చట్టముచేత ఈ పని కాదని మన రాష్ట్రము కూడ నేర్చుకొన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, పల్లె స్త్రీలు సారాకు విరోధముగా 1992లో గొప్ప ఉద్యమము నడిపిరి. వారి ధైర్యము మన తల్లులకు తగినది. 1993లో సారా ఆగెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. నిషేధము అవసరమే, కాని అది అంగడి తలుపు మూయగలదే గాని, మనుష్యుని సాయంకాలమును నింపలేదు. అది సంఘము చేయవలసిన పని.

మనమేమి చేయుదుము?

ప్రియులారా, ఏదైన ఒక పాపపు అలవాటును విడిచిపెట్టవలెనని ప్రార్థించుచున్నారా? దాని పేరు మాత్రమే ప్రభువునకు చెప్పి లేవవద్దు. అది ఏ వేళ వచ్చును, ఎవరితో వచ్చును, ఏ చోట వచ్చును, ఏ ఆకలితో వచ్చును అని వెదకుడి. ఆ వేళకు, ఆ చోటుకు, ఆ ఆకలికి దేవుడిచ్చు మరియొక దానిని అడుగుడి. కోపమున మాట జారువాడు ప్రతిదినము ఒకనిని దీవించు మాట పలుకుట అభ్యసించవలెను. వడ్డీకి ఆశపడువాడు రహస్యముగా ఒకరి అప్పు తీర్చవలెను. పొరుగువారి సంగతులు చెప్పుకొను నాలుక రోగిని దర్శించి వారియొద్ద కీర్తన పాడవలెను. సినిమాలకును, ఇప్పుడు చేతిలోని ఫోనుకును రాత్రులు అప్పగించినవారు కుటుంబ ప్రార్థనను మరల దీపాల వేళకు తేవలెను. పిడికెడు బియ్యపు కుండ నేటి ఇండ్లలో కనబడుట లేదు. జీతము వచ్చిన దినమున మొదట ప్రభువు భాగమును తీసి ప్రక్కకు పెట్టుటయే నేటి పిడికెడు.

దీనిని మన బలముచేత చేయుదుమని తలంచవద్దు. అలవాటు మార్చుట వేరు, హృదయము మారుట వేరు. హృదయమును మార్చువాడు పరిశుద్ధాత్మ దేవుడు. కాని ఆయన మార్చిన హృదయము కాలుచేతులతో బ్రతుకవలెను గనుక, ఆ కాలుచేతులకు దినదినము పని కావలెను. రక్షణ వరము, పరిశుద్ధ జీవితము ఆ వరముతో చేయు వ్యవసాయము. మన డెల్టా రైతుకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కలుపు తీసి ఊరకున్న మడిలో మరల కలుపే మొలచును. కలుపు తీసిన చోట నారు నాటినవానికే పంట.

ఒంటరిగా చేయవద్దు అనునది చివరి మాట. అజరయ్య గారి పల్లెలలో ఎవడును ఒంటరిగా మారలేదు. గంట కొట్టువాడు, పాట ఎత్తువాడు, పడినవానిని పిలుచుకొని వచ్చువాడు, అందరును కలిసి మారిరి. పడిపోయిన సహోదరుని గూర్చి మనము చెప్పుకొనుట సులభము. అతని సాయంకాలములలో అతనితో కూర్చుండుట కష్టము. మన సంఘము నిజముగా ఆ బిషప్ గారి సంఘమా కాదా అనునది ఆ కష్టమునందే తెలియును.

దోర్నకల్‌లో ఆయన సమాధి కథీడ్రలు ప్రక్కననే ఉన్నది. యాత్రకు వెళ్లువారు పూలు ఉంచి వచ్చుచుందురు. మంచిదే. ఈ శతజయంతి సంవత్సరమున పూలతోబాటు మనలో ఒక్కొక్కరము ఒక్కొక్క పాత అలవాటును అక్కడ దించి, ఒక క్రొత్త అలవాటును ఎత్తుకొని ఇంటికి తిరిగివత్తుము గాక. దేవుడు మన పాస్టరేటులను, మన ఇండ్లను, మన సాయంకాలములను తన సన్నిధితో నింపును గాక. ఆమేన్.